యవాసవం

మద్యం మన సంస్కృతికి ప్రథమ శత్రువు అని ఓజార్క్ తెలుగు వేదిక కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. వేదిక జరిపే పండగల్లో గానీ, పిక్నిక్కుల్లో గానీ, ఆ పిక్నిక్కులకు వచ్చిన కార్ల డిక్కీల్లో గానీ మద్యం కనిపించరాదని తీర్మానంలో స్పష్టంగా రాశారు. డిక్కీల ప్రస్తావన ఎందుకొచ్చిందంటే, కిందటి దీపావళికి హాల్లో పిల్లలు కూచిపూడి ఆడుతుంటే తండ్రులంతా పార్కింగ్ లాట్‌లో ఒకే కారు వెనక చేరి, టైరు మార్చడం ఎలా అన్న విషయం మీద చాలాసేపు చర్చించుకున్నారు. టైరు బాగానే ఉంది. చర్చ ముగించుకుని లోపలికొచ్చిన వాళ్లే అంత బాగా లేరు.

తీర్మానం ప్రతిపాదించింది ఆంజనేయప్రసాద్. బలపరచింది అధ్యక్షులు శేషగిరి గారు. చప్పట్లు కొట్టింది మిగతా అందరూ.

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో ఉన్న ఈ బెంటన్‌విల్ మరీ పెద్ద ఊరేమీ కాదు. ఊరు ఊరంతా ఒక్క కంపెనీని నమ్ముకుని బతుకుతుంది. ఆ కంపెనీలో ఉద్యోగం ఉన్నవాళ్లు కొందరు, ఆ ఉద్యోగస్తుల కింద కాంట్రాక్టు ఉన్నవాళ్లు తక్కినవాళ్లు. తెలుగువాళ్లు ఎక్కువగా రెండో రకం. ఆఫీసులో ఎవరికీ సొంత పేరుండదు, ఫలానా వెండరు మనిషి అంటారు. అందుకే వేదికలో పదవి అంటే అందరికీ అంత ప్రాణం. అధ్యక్షుడికి ఉగాదికి శాలువా కప్పుతారు, గుడికి వెళ్తే పక్కకు జరిగి దారిస్తారు, కొత్తగా దిగిన కుర్రాళ్లు అపార్ట్‌మెంట్ ఎక్కడ తీసుకోమంటారు సార్ అని ఫోన్ చేస్తారు. ఈ మూడో దానికోసం ఆంజనేయప్రసాద్ ఎంతకాలంగానో ఎదురుచూస్తున్నాడు.

శేషగిరి గారు ఎక్సైజు శాఖలో డిప్యూటీ కమిషనర్‌గా రిటైరై, ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు. నాటుసారా కుండలు పగలగొట్టడంలో జీవితం ధారపోసిన మనిషి. కుండ పగలగొట్టే ముందు శాంపిల్ పరీక్షించడం నిబంధన అనీ, సర్వీసు మొత్తమ్మీద ఆ నిబంధనను తాను ఒక్కసారి కూడా ఉల్లంఘించలేదనీ ప్రతి ప్రసంగంలోనూ గర్వంగా చెప్పేవారు. కార్తీక వనభోజనాల నాడు తాను పదవి దిగిపోతాననీ, ఆ కుర్చీలో కూర్చోదగ్గ నిష్ఠాపరుడు ప్రసాదొక్కడేననీ ఆయన ముందే ప్రకటించేశారు.

ఆంజనేయప్రసాద్ నిష్ఠ సంగతి కూడా చెప్పుకోవాలి. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఎవరో స్నేహితుడు ఎండలో వేడెక్కిన బీరు అర గ్లాసు పోస్తే తాగి, హాస్టల్ మెట్ల మీద తన బూట్లలోకే కక్కుకున్నాడు. అప్పట్నుంచి దాని జోలికి పోలేదు. మొదట్లో దాన్ని భయం అనేవాడు. పెళ్లయ్యాక అలవాటు అన్నాడు. అమెరికా వచ్చాక సిద్ధాంతం అంటున్నాడు.

ఈ సిద్ధాంతానికి గండి కొట్టినవాడు డ్వేన్. ఆఫీసులో ప్రసాద్ పనిచేసే ప్రాజెక్టుకి అతనే క్లయింటు మేనేజర్. ఆరడుగుల పైచిలుకు మనిషి, బుగ్గల దాకా గడ్డం, మాట మాత్రం మెత్తన. వాళ్ల టీమంతా నెలకోసారి సైకిల్ ట్రెయిల్ పక్కనున్న ఒక బీరు దుకాణంలో కలుస్తుంది. ప్రసాద్ ఎప్పుడూ ఏదో వంక పెట్టి తప్పించుకునేవాడు. ఈసారి లోకేష్ పట్టుబట్టాడు. లోకేష్ వాళ్ల టీమ్‌లోనే కుర్రాడు, కరీంనగర్ వైపు.

“అన్నా, కాన్ఫరెన్స్ రూమ్‌ల ఏం తేలదు. కాంట్రాక్టు రెన్యువల్ ముచ్చట అంతా గక్కడనే నడుస్తది. నువ్వు సోడా పట్టుకొని నిలబడు, చాలు” అన్నాడు.

ప్రసాద్ సోడా పట్టుకుని నిలబడ్డాడు. డ్వేన్ ఒక చెక్క పలక మీద చిన్న చిన్న గ్లాసులు వరసగా పేర్చి, బెల్జియం దేశపు బీర్ల గురించి చెబుతున్నాడు. అక్కడ సన్యాసులు మఠాల్లో బీరు కాస్తారట. ఆ మాట ప్రసాద్‌కి కొంత ధైర్యమిచ్చింది. సన్యాసులు కాసేది ఎంత చెడ్డదైతే మాత్రం ఎంత చెడ్డదవుతుంది! తరువాత డ్వేన్ మబ్బు పట్టినట్టున్న తెల్లటి బీరు ఒకటి అతని ముక్కు దగ్గర పెట్టి, తాగనక్కర్లేదు, వాసన చూసి చెప్పు చాలన్నాడు.

ప్రసాద్ వాసన చూశాడు. “ధనియాలు” అన్నాడు, తెలుగులోనే. లోకేష్ దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. ఆ తర్వాత నారింజ తొక్క అన్నాడు, అది ఇంగ్లీషులో.

డ్వేన్ కళ్లు పెద్దవయ్యాయి. అందులో నిజంగానే ధనియాలూ, ఎండబెట్టిన నారింజ తొక్కా వేస్తారు. ఏళ్ల తరబడి ఈ గ్లాసులు తిప్పుతున్నా ఈ ముక్క తనంతట తాను చెప్పినవాడు ఇంతవరకు దొరకలేదట. నల్లటి బీరు ఇంకొకటి ఇచ్చాడు. ప్రసాద్ కళ్లు మూసుకుని, అరిసెల పాకం ముదిరి అడుగంటబోయే ముందు వచ్చే వాసన అని చెప్పాడు. దాన్ని ఇంగ్లీషులోకి దించడానికి లోకేష్ నానా అవస్థా పడ్డాడు. అది విని టీమంతా గ్లాసులు ఎత్తింది. ఎత్తిన గ్లాసుల మధ్య సోడా పట్టుకుని నిలబడటం మరీ అమర్యాదగా ఉంటుందని ప్రసాద్ ఒక్క గుక్క తాగాడు. హాస్టల్ మెట్లు గుర్తు రాలేదు. పాకం గుర్తొచ్చింది. రెండో గుక్క మర్యాద కోసం తాగింది కాదు.

తాగింది లోపలికి పోయింది కదా అని కొంచెం బెంగ పడ్డాడు. డ్వేన్ ఆ బెంగ కూడా తీర్చాడు. వైన్ రుచి చూసేవాళ్లు ఉమ్మేస్తారు గానీ, బీరు చేదు నాలుక వెనకభాగానికి తెలియాలి కాబట్టి మింగి తీరాల్సిందేనట. అయితే ఇది తాగడం కాదు, పరిశీలన. ఆ పూట ప్రసాద్ శాస్త్రీయ దృక్పథంతో ఇంటికొచ్చాడు. కారు లోకేష్ డ్రైవ్ చేశాడు.

ఆ తరువాత ప్రసాద్ ఇద్దరు మనుషులయ్యాడు. వారంలో అయిదు రోజులు డ్వేన్ టీమ్‌కి అతను ముక్కు మహారాజు. “బాడీ కొంచెం పల్చన, ఫినిష్ బావుంది” లాంటి మాటలు అలవోకగా అనేవాడు. శని, ఆదివారాల్లో నిలువు బొట్టు పెట్టుకుని వేదిక సమావేశాల్లో యువత పెడదారుల గురించి బాధపడేవాడు. బాధ నిజమైనదే. ఎక్కడ ఎవరు చూస్తారోనని.

ఒక శనివారం డ్వేన్ తన గ్యారేజీకి పిలిచి బీరు కాయడం నేర్పాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు వంచి, హాప్స్ అనే చేదు పువ్వులు వేసి మరగబెట్టాలి. చల్లార్చి యీస్ట్ కలిపి మూతపెట్టాలి. అంతే పని. కానీ అసలు సంగతి శుభ్రత దగ్గరుందన్నాడు డ్వేన్. మరిగేదాకా ఫరవాలేదు గానీ, చల్లారాక కడగని చేత్తో ముట్టుకోకూడదు, కడిగిన గరిటె కింద పెడితే మళ్లీ కడగాలి, పాత్ర మీద వంగి మాట్లాడకూడదు, తుమ్మొస్తే బయటికి పోవాలి. తన మిత్రులకి ఈ సంగతి ఒక పట్టాన తలకెక్కదని వాపోయాడు.

ప్రసాద్‌కి చెప్పీ చెప్పకముందే ఎక్కింది. ఇది మడి. చిన్నప్పుడు వంటింటి గడప అవతల నిలబడి మంచినీళ్లు అడుక్కున్నవాడికి ఇందులో కొత్తగా నేర్చుకోవలసిందేముంది! ముంజేతుల దాకా కడుక్కుని, మోచేత్తో తలుపు తోసి, ఎవరికీ తగలకుండా ఒదిగి నడుస్తున్న ఆ శిష్యుణ్ణి చూసి డ్వేన్ చలించిపోయాడు. ఇంత త్వరగా ఆ శుభ్రత పట్టుబడినవాణ్ణి తాను చూడలేదన్నాడు.

వచ్చే వారానికల్లా సామాను కొనుక్కుని ఇంట్లోనే మొదలుపెట్టాడు. కూతురు హంసిక ఆస్టిన్‌లో కాలేజీలో ఉంది కాబట్టి ఆమె గదిలో క్లాజెట్ ఖాళీ. అక్కడ వేడీ చలీ సమంగా ఉంటాయి. భార్య ఉమామహేశ్వరి ఆఫీసు నుంచి రాగానే, ఇల్లంతా హార్లిక్స్ వాసనొస్తోందేమని అడిగింది. ప్రసాద్ ఏదో గొణిగాడు. రెండ్రోజులు పోయాక హంసిక గదిలోంచి బుడుక్ బుడుక్ అని చప్పుడు వినబడి ఆమె క్లాజెట్ తలుపు తీసింది. మూతకి గాజుగొట్టం తగిలించిన పెద్ద బకెట్టు తన మానాన తాను ఊపిరి తీసుకుంటోంది.

“ఆసవం ఉమా. యవలతో, అదే బార్లీతో, చేస్తారు. ఆయుర్వేదంలో ఉంది. యవాసవం” అన్నాడు ప్రసాద్. ఆ పేరు అప్పటికప్పుడు నోటికొచ్చిందే గానీ, అన్నాక అతనికే నచ్చింది.

ఉమామహేశ్వరి బకెట్టు వైపూ మొగుడి వైపూ చూసింది. “బీరని చెప్పండి, వింటాను. ఆసవమంటే మాత్రం ఇది తీసుకెళ్లి దేవుడి గదిలో పెడతాను.”

ప్రసాద్ బీరని చెప్పాడు. ఆమె విన్నది. తనతో అబద్ధం ఆడకుండా ఉంటే చాలనీ, లోకంతో ఏమాడుకుంటారో అది మీ ఇష్టమనీ చెప్పి, ముఖ్యంగా తన ఇడ్లీ గిన్నెల జోలికి మాత్రం రావద్దంది.

మొదటి కాపు సీసాల్లోకెక్కి, నురగ పట్టి, తాగడానికి సిద్ధమయ్యేసరికి వేసవి వచ్చేసింది. ధనియాలూ నారింజ తొక్కా వేసిన గోధుమ బీరు. ప్రసాద్ చల్లటి గ్లాసులో పోసుకుని వెలుతురుకెత్తి చూసుకున్నాడు. ఆ క్షణంలో కాలింగ్ బెల్ మోగింది. శేషగిరి గారు! సమావేశం అజెండా మాట్లాడదామని ఫోనైనా చేయకుండా వచ్చారు. గ్లాసు దాచడానికి వ్యవధి లేకపోయింది. ఆయన లోపలికి అడుగుపెట్టి, గుమ్మం దగ్గరే ఆగి, గాలి పీల్చారు. ఎక్సైజు శాఖ ఆయన్నింకా పూర్తిగా వదిలిపెట్టలేదు.

కుర్చీ, శాలువా, అపార్ట్‌మెంట్ ఫోన్లు, అన్నీ ఆ గ్లాసులో మునిగిపోతున్నట్టు ప్రసాద్‌కి కనిపించాయి. “యవాసవమండీ” అన్నాడు ఎలాగో. “మోకాళ్ల నొప్పులకి.”

శేషగిరి గారు సోఫాలో కూర్చున్నారు. గ్లాసు వైపు ఒకసారి చూశారు. తరువాత తన కుడి మోకాలు నిమురుకుంటూ, “మోతాదు ఎంత?” అని అడిగారు.

“రెండు చెంచాలండీ.”

“నా ఒళ్లు చూశావుగా. చెంచాలు ఏ మూలకి?”

స్టీలు గ్లాసు వచ్చింది. ఆయన తూర్పు ముఖంగా తిరిగి, ఔషధం కాబట్టి కళ్లకద్దుకుని తాగారు. గ్లాసు ఖాళీ అయ్యాక మోకాలు తేలికపడిందన్నారు. కాసేపాగి, రెండో మోకాలు కూడా ఉంది కదా అన్నారు. వెళ్లేటప్పుడు రెండు సీసాలు న్యూస్‌పేపర్‌లో చుట్టించుకుని పట్టుకెళ్లారు.

వారం తిరక్కుండా కోశాధికారి పవన్ ఫోన్ చేశాడు. ఎసిడిటీ చంపేస్తోందన్నా, నీ దగ్గరేదో ఆయుర్వేదం ఉందట కదా అన్నాడు. సాంస్కృతిక కార్యదర్శి చంద్రిక త్యాగరాజ ఉత్సవాలకి సాధన చేస్తుంటే గొంతు పట్టేస్తోందంది. ఒకరికి నిద్ర పట్టదు, ఒకరికి ఆకలి వెయ్యదు, ఒకాయనకి వీసా టెన్షన్. యవాసవం అన్నిటికీ పనిచేసింది. వేదిక సభ్యుల్లో ఇన్ని రోగాలున్నాయని అంతవరకు ఎవరికీ తెలియదు. పరిస్థితి తీవ్రతను గుర్తించిన కార్యవర్గం ఆరోగ్య ఉపసంఘం అనేదాన్ని ఏర్పాటు చేసి, కన్వీనర్‌గా ఆంజనేయప్రసాద్‌ను నియమించింది. మద్యం అన్న మాట ఏ సమావేశంలోనూ రాలేదు. వస్తే ఖండించడానికి మాత్రం అందరూ సిద్ధంగా ఉన్నారు.

ఇంత వైభవంలోనూ ప్రసాద్‌కి లోపల ఒక వెలితి. రాను రాను అతని చెయ్యి తిరిగింది. ముదురు రంగు మఠం బీరు కాశాడు, పాకం వాసన సరిగ్గా పట్టాడు. నారింజ తొక్క ఎప్పుడు వేస్తే చేదు దిగదో తెలుసుకున్నాడు. తన చేతి బీరు నిజంగా బావుందని అతనికి తెలుసు. కానీ ఒక్కరూ ఆ మాట అనరు. వాసన చూడరు, రంగు చూడరు, గడగడా తాగేసి ఎసిడిటీ తగ్గిందంటారు. “ధనియాలు తెలుస్తున్నాయా?” అని చంద్రికను ఆశగా అడిగితే, మందులో ఏమేం వేస్తారో మాకెందుకులెండి అంది. కచేరీ చేసిన విద్వాంసుడితో, మీ పాట విని మాకు చక్కగా నిద్ర పట్టిందండీ అన్నట్టుగా ఉంది అతని పరిస్థితి. డ్వేన్ మాత్రం ప్రతి సీసానూ మెచ్చుకుంటూ, మా మిత్రుల టేస్టింగ్‌కి నీ బీరు తీసుకురా, నీ పేరు మీద పోద్దాం అనేవాడు. ఫొటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెడతారని ప్రసాద్ వెళ్లేవాడు కాదు.

కార్తీకం వచ్చింది. వనభోజనాలకి అందరికీ సరిపడా యవాసవం ఉండాలని శేషగిరి గారు ఆదేశించారు. అదే రోజు సర్వసభ్య సమావేశం, ఎన్నిక. ప్రసాద్ పెద్ద పాత్ర అద్దెకు తెచ్చి గ్యారేజీలో కాచాడు. కాస్తున్నంతసేపూ ఫోన్లు. పులిహోర ఎవరు తేవాలి, టెంటు ఎవరు వెయ్యాలి, దండలు అసలువా ప్లాస్టిక్‌వా. ఆ హడావుడిలో, పూర్తిగా చల్లారకుండానే యీస్ట్ కలిపేసి మూతపెట్టాడు.

బకెట్టు బుడుక్ అనలేదు. మర్నాడూ అనలేదు. ఆ వారమంతా ప్రసాద్ దానికి చెవి ఆనించి కూర్చున్నాడు. చివరికి డ్వేన్‌ని పిలిస్తే, అతను గాజు గొట్టం ఒకటి అందులో తేల్చి చూసి, తల అడ్డంగా ఊపాడు. వేడికి యీస్ట్ చచ్చిపోయింది. ఇది బీరు కాదు, తియ్యటి బార్లీ నీళ్లు. కొత్తది కాయడానికి వ్యవధి చాలదు.

ఆ మాట అందరికీ ముందే చెప్పేయమంది ఉమామహేశ్వరి. ప్రసాద్ ఆలోచించాడు. ఆలోచించిన కొద్దీ అతనికి మనసు తేలికపడసాగింది. ఇన్నాళ్లూ మందు అని చెప్పి బీరు పోశాడు. ఈసారి మందు అని చెప్పి పోసేది నిజంగానే బార్లీ నీళ్లు. తీర్మానానికి అక్షరం కూడా తేడా రాదు. అధ్యక్షుడయ్యే రోజున అయినా అబద్ధం లేకుండా నిలబడొచ్చు. చల్లబరిచి సీసాల్లో పోశాడు, ఎవరికీ ఏమీ చెప్పలేదు.

వనభోజనాలు బీవర్ లేక్ ఒడ్డున. ఉసిరి చెట్టు ఆర్కన్సాలో దొరకదు కాబట్టి చంద్రిక ఇండియన్ స్టోర్‌లో కొన్న ఫ్రోజెన్ ఉసిరికాయల ప్యాకెట్టుని ఓక్ చెట్టు కొమ్మకి వేలాడదీసి పసుపు కుంకుమలు పెట్టింది. పూజయ్యింది. ఆరోగ్య ఉపసంఘం స్టీలు గ్లాసులు పంచింది.

మొదటి గ్లాసుకి ఫలితం బాగానే కనిపించింది. పవన్ గొంతు పెరిగింది. ఈసారి డోస్ గట్టిగా ఉంది తమ్ముడూ అని లోకేష్‌ని కౌగిలించుకుని, చిన్నప్పుడు తప్పిపోయిన తమ కుక్క గురించి చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఇంకొకాయన చెప్పులు విడిచి డాన్సు చేశాడు. శేషగిరి గారు మాత్రం ఒక్క గుక్క తాగి, గ్లాసులోకి తొంగి చూసి, మళ్లీ తాగి, గ్లాసు పక్కన పెట్టేశారు. రెండో గ్లాసుకి డాన్సు ఆగింది. మూడో గ్లాసుకి బాత్‌రూమ్ దగ్గర క్యూ పెరిగింది తప్ప ఇంకే మార్పూ లేదు. పవన్ కళ్లు ఆరిపోయాయి. ఏడ్చినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాడు. ఊరికే ఏడిపించినందుకు కోపంగా కూడా ఉన్నాడు.

సర్వసభ్య సమావేశం మొదలైంది. ఎన్నికకు ముందు ఒక అత్యవసర అంశం ఉందని శేషగిరి గారు లేచారు.

“ప్రసాదూ, ఈసారి ఔషధంలో గుణం లోపించినట్టు సభ్యుల నుంచి ఫిర్యాదులొచ్చాయి. నేను స్వయంగా నిర్ధారించుకున్నాను. కారణం సభకు వివరించాలి.”

ప్రసాద్ వినయంగా నిలబడ్డాడు. బార్లీ ఎప్పటిలాగే వేశానన్నాడు. గోధుమలు, ధనియాలు, నారింజ తొక్క, ఏదీ తగ్గించలేదన్నాడు.

“మరైతే తగ్గిందేమిటి?”

“మీరే చెప్పాలండీ. తాగింది మీరు కదా” అన్నాడు ప్రసాద్. కొంటెతనంతో అన్నది కాదు. అతనికి నిజంగానే ఆ మాట ఎవరి నోటి నుంచైనా వినాలని ఉంది.

తగ్గిందేమిటో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. పేరు చెబితే, ఇన్నాళ్లూ ఉన్నదేమిటో తెలిసే తాగినట్టు లెక్క. ఒకాయన శక్తి తగ్గిందన్నాడు. చంద్రిక ఘాటు అంది. పవన్ ఎనర్జీ అన్నాడు. లోకేష్ బాగా ఆలోచించి ఇమ్యూనిటీ అన్నాడు. అందరూ చుట్టుపక్కలే తిరుగుతున్నారు గానీ ఎవరూ గుమ్మంలోకి రావడం లేదు.

పులిహోర గిన్నె దగ్గరున్న ఉమామహేశ్వరికి విసుగొచ్చింది. అన్నం చల్లారిపోతోంది. “అందులో ఆల్కహాల్ లేదండీ” అంది అందరికీ వినబడేలా. “యీస్ట్ చచ్చిపోయింది. పిల్లలక్కూడా ఇవ్వొచ్చు.” అని ఆడుకుంటున్న పిల్లల్ని పిలిచి పేపర్ కప్పుల్లో పోసింది. వాళ్లు తాగి, ఇంకా కావాలి ఆంటీ అన్నారు.

మద్యం నిషేధించిన సభ. మద్యం లేదని తెలిస్తే చప్పట్లు కొట్టాలి. ఒక్క చప్పట వినిపించలేదు. చావు కబురు విన్నట్టు అందరూ గ్లాసుల్లోకి చూసుకున్నారు.

శేషగిరి గారి ముఖం ఎర్రబడింది. “అంటే మా నమ్మకాన్ని ఆసరా చేసుకుని, ఇంతమందికి ఏమీ లేని నీళ్లు పోశావన్నమాట. మా శాఖలో దీన్ని కల్తీ అంటారు. నా సర్వీసులో ఇంత ఘోరమైన కల్తీ చూడలేదు” అన్నారు.

ఆ తరువాత పనులన్నీ చకచకా జరిగిపోయాయి. సభ్యుల ఆరోగ్యంతో చెలగాటమాడినందుకు ఆంజనేయప్రసాద్‌ను ఉపసంఘం నుంచి తొలగిస్తూ ఒక తీర్మానం. వేదిక కార్యక్రమాల్లో ఇకమీదట పంచే ఔషధాలు పూర్తి గుణంతో ఉండాలని ఇంకొక తీర్మానం. అధ్యక్షుడిగా పవన్ ఏకగ్రీవ ఎన్నిక. మద్య వ్యతిరేక తీర్మానం యథాతథంగా కొనసాగుతుందని చివర్లో ప్రకటించి శాంతి మంత్రం చదివారు. ఆ రోజు తన తీర్మానం ప్రకారం నూటికి నూరుపాళ్లు నడుచుకున్న ఒకే ఒక్క మనిషి ఆంజనేయప్రసాద్. పదవి పోయిందీ ఒక్క అతనికే.

ఇంటికొస్తూ కారు అతనే నడిపాడు. ఉగాదికి తనకు కప్పాల్సిన శాలువా పవన్ భుజాల మీద ఉన్నట్టు కళ్ల ముందు మెదులుతోంది. ఉమామహేశ్వరి, ఇమ్యూనిటీ అన్నప్పుడు లోకేష్ ముఖం ఎలా ఉందో గుర్తు చేసింది. ప్రసాద్‌కి నవ్వాగలేదు. నవ్వు ఎంతకీ తగ్గకపోయేసరికి గ్యాస్ స్టేషన్ దగ్గర కారు పక్కకి తీసి ఆపాడు. ఇద్దరూ అక్కడే కూర్చుని కడుపు పట్టుకుని నవ్వారు.

ఇక ఎవరి దగ్గరా దాచాల్సింది లేదు కాబట్టి, మర్నాడే కొత్త కాపు పెట్టాడు. ఈసారి బాగా చల్లారాకే యీస్ట్ వేశాడు. అది సిద్ధమయ్యాక డ్వేన్ మిత్రుల టేస్టింగ్‌కి భార్యతో సహా వెళ్లాడు. ఫొటో తీస్తామంటే సీసా పట్టుకుని మరీ నిలబడ్డాడు.

ఒక ఆదివారం శేషగిరి గారు వచ్చారు. కొడుకుతో లైబ్రరీకని చెప్పి, వీధి చివరనున్న ఆ లైబ్రరీ దగ్గర దిగి నడిచొచ్చారట. కుర్చీలో కూర్చుని, చేతికర్ర గోడకానించి, కొంతసేపు వాతావరణం గురించి మాట్లాడారు.

“కమిటీ వేరు, మనం వేరు ప్రసాదూ” అన్నారు చివరికి. “బీరుందా?”

ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి. ప్రసాద్ స్టీలు గ్లాసు తియ్యలేదు. గాజు గ్లాసు కడిగి, నురగ సరిగ్గా నిలిచేలా వంచి పోసి తెచ్చాడు. శేషగిరి గారు మునుపటిలా గడగడా తాగలేదు. వెలుతురుకెత్తి చూశారు. వాసన చూశారు. చిన్న గుక్క తీసుకుని నోట్లో తిప్పి, మింగారు.

“ధనియాలు బాగా కుదిరాయి. నారింజ తొక్క కూడా పద్ధతిగా ఉంది. మొదటి రోజునుంచీ అనుకుంటున్నాను, చెప్పలేదు గానీ, లవంగం కాస్త ఎక్కువేస్తున్నావు.”

ఇన్నాళ్లకి ఒక మనిషి! ప్రసాద్ కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. వెంటనే పౌరుషమూ వచ్చింది. “లవంగం నేను వెయ్యనే వెయ్యలేదండీ. ఆ వాసన బెల్జియం యీస్ట్ ఇస్తుంది.”

“వెయ్యకుండా ఎలా వస్తుందయ్యా? నాకు తెలియదూ?”

“యీస్టే ఇస్తుందండీ. కావాలంటే డ్వేన్‌ని అడుగుదాం.”

సంగతి తేల్చడానికి ఇంకో సీసా తీశారు. అది లవంగమే అని ఆయన, కాదని ఈయన. ఉమామహేశ్వరి చేగోడీలు తెచ్చి మధ్యలో పెట్టి, తానూ ఒక చిన్న గ్లాసు పోసుకుని వాసన చూసి, మా ఆయన మాటే నిజమండీ అంది. శేషగిరి గారు ఒప్పుకోలేదు. వాచీ చూసుకుని, లేవబోయి, మళ్లీ కూర్చున్నారు.

“సాయంత్రం గుళ్లో బాలవికాస్ పిల్లలకి మద్యపానం వల్ల కలిగే అనర్థాల మీద నా ప్రసంగం ఉంది” అంటూ గ్లాసు ముందుకు జరిపారు. “ఇంకొంచెం పోయవయ్యా ప్రసాదూ. పాయింట్లు సరిగ్గా గుర్తు రావడం లేదు.”